మిర్చి సీజన్‌లో మా సర్వర్ నెమ్మదించిన 40 రోజులు – నా అనుభవం

2025 ఫిబ్రవరి 10, సోమవారం. ఉదయం తొమ్మిదింపావుకి గేటు దగ్గర నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. "అమ్మాయ్, స్లిప్పు రావట్లేదు. ట్రాక్టర్లు రోడ్డు మీదకి ఎక్కినయ్. ఏందో చూడమ్మా" అన్నాడు. బాబాయ్ అంటే సొంత బాబాయ్ కాదు, మా గేటు గుమాస్తా. పాతికేళ్లుగా అదే కుర్చీలో ఉన్న మనిషి. ఊరికే ఫోన్ చేయడు.

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ సంస్థలో సిస్టమ్స్ చూస్తుంటాను. మాకు మూడు స్టోరేజీలు, 22 కౌంటర్లు ఉన్నాయి. అన్నిటికీ కలిపి లక్ష్మీపురం ఆఫీసులో ఒక్కటే సర్వర్. డెబియన్ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుస్తుంది. 8 కోర్లు, 32 జీబీ ర్యామ్, 7,200 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు తిరిగే) డిస్కులు నాలుగు, రాసిన ప్రతిదీ రెండు డిస్కుల్లో ఉండే రెయిడ్ 10 ఏర్పాటులో. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చి దింపగానే లాట్ నంబరు, బస్తాల లెక్క, రకం అన్నీ అందులో ఎక్కి రసీదు ప్రింటవుతుంది. ఆ రసీదు పట్టుకునే రైతు బ్యాంకుకి వెళ్లి అప్పు తెచ్చుకుంటాడు. కాబట్టి మా సర్వర్ ఆగిందంటే నా ఒక్కదాని తలనొప్పి కాదది.

ఈ నలభై రోజుల్లో సహాయం కోసం వెతికినప్పుడల్లా కమాండ్ల జాబితాలు బోలెడు దొరికాయి. ఏ తప్పుతో మొదలుపెడతాం, ఎన్నాళ్లు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అనేది మాత్రం ఎవరూ రాసినట్టు కనబడలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి రోజు నేను చేసిన పని అందరూ చేసేదే. సర్వర్ ఏం చేస్తోందో చూపించే టాప్ కమాండ్ తెరిచి చూశాను. ఎన్ని పనులు పడి ఉన్నాయో చెప్పే లోడ్ యావరేజ్ 27 ఉంది. ఎనిమిది కోర్ల మెషీన్‌కి అది చాలా ఎక్కువ. కానీ ప్రాసెసర్ వాడకం 6 శాతమే! సిస్టమ్ పనికి ఇంకో 3 శాతం, అంతే. ప్రాసెసర్ ఇంత ఖాళీగా ఉంటే లోడు 27 ఎలా వచ్చిందో అర్థం కాలేదు. ఆ వరసలోనే డబ్ల్యూఏ అనే అంకె 53 అని ఉంది. చూశాను, చూసి వదిలేశాను. అదీ ఖాళీ సమయమే అనుకున్నాను. నేను పోగొట్టుకున్న పన్నెండు రోజులూ ఆ వదిలేయడంలోనే ఉన్నాయి.

మధ్యాహ్నం పోస్ట్‌గ్రెస్‌ని ఒకసారి రీస్టార్ట్ చేశాను. అరగంట బాగానే నడిచింది, మళ్లీ మామూలే. మంగళవారం, బుధవారం నెట్‌వర్క్ మీద అనుమానంతో స్విచ్‌లు మార్చి, కేబుళ్లు మార్చి చూశాను. తేడా ఏమీ లేదు. అంతకుముందు రెండు మూడు సెకన్లలో వచ్చే రసీదు పాతిక సెకన్లు పడుతోంది, రద్దీ వేళల్లో నలభై కూడా.

ఫిబ్రవరి 13న ఓనరు గారు పిలిచారు. హార్డ్‌వేర్ అమ్మే ఒకాయన్ని కూడా కూర్చోబెట్టారు. ఆయన ర్యామ్ లెక్క చూపించే ఫ్రీ కమాండ్ కొట్టమన్నాడు. 32 జీబీలో ఖాళీ 700 ఎంబీ అని చూపించింది. "ఇంకేం, ర్యామ్ చాలట్లేదు" అని తేల్చేశాడు. నేనూ ఒప్పుకున్నాను. ఒప్పుకోకుండా ఉండాల్సింది. లైనక్స్ ఎవరూ వాడని ర్యామ్‌ని ఖాళీగా ఉంచదు, చదివిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది, ఎవరికైనా కావాల్సొస్తే వెంటనే వదిలేస్తుంది. చూడాల్సింది ఫ్రీ అనే గడి కాదు, అవైలబుల్ అనే గడి. అందులో 26 జీబీ ఉంది. ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే జాగా, స్వాప్, అసలు కదలనే లేదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ నాలుగు రోజులుగా తిట్లు తింటున్న మనిషికి ఏదో ఒకటి కొంటే బాగవుతుందన్న మాట చాలా తియ్యగా ఉంటుంది.

ఇంకో 32 జీబీ ర్యామ్ విజయవాడ నుంచి తెప్పించాం. ₹19,600. శనివారం మిర్చి మార్కెట్ యార్డుకి సెలవు కాబట్టి 15వ తేదీ రాత్రి సర్వర్ ఆపి వేశాం. మూత తీయగానే ఘాటు ముక్కుకి కొట్టింది. ఫ్యాన్ల ముందున్న జాలీ నిండా ఎర్రటి దుమ్ము అట్టకట్టుకుపోయి ఉంది. స్టోరేజీల నుంచి వచ్చిపోయే మనుషుల బట్టలతో, ఫైళ్లతో ఇన్నేళ్లలో చేరిన మిరప దుమ్మది. బ్రష్షుతో దులుపుతుంటే నాకూ, పక్కనున్న కుర్రాడికీ దగ్గు ఆగలేదు. దుమ్ము పోయింది, ర్యామ్ రెట్టింపైంది, ఇక సోమవారం చూసుకోవచ్చు అనుకుని తేలిగ్గా ఇంటికెళ్లాను.

ఫిబ్రవరి 17, సోమవారం. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే చెడ్డ రోజు అదే. శని, ఆదివారాలు యార్డు మూత కాబట్టి సోమవారం సరుకు ఎక్కువొస్తుంది. పదకొండింటికల్లా రసీదు నలభై సెకన్లు దాటింది. పెద్ద స్టోరేజీ గేటు ముందు డెబ్భై దాకా బండ్లు నిలిచిపోయాయి. నేను గేటు దగ్గరకే వెళ్లాను. ఎండలో టిక్కీల మీద తువ్వాలు పరుచుకుని పడుకున్న ఒక పెద్దాయన నన్ను చూసి లేచి "కంప్యూటరు అమ్మా నువ్వేనా? రాత్రి రెండింటికి బయల్దేరినాం తల్లీ" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. పన్నెండింటికి కంప్యూటర్ పక్కనపెట్టి చేత్తో రసీదులు రాయమని చెప్పాను. ఆ చేతి రసీదులన్నీ సాయంత్రం కూర్చుని ఎక్కించేసరికి రాత్రి పన్నెండున్నర. ఇంటికెళ్లేసరికి పాప నిద్రపోయింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే, ఇదివరకు నేను పనిచేసిన చోట మా సీనియర్‌గా ఉన్న అన్నకి ఫోన్ చేశాను. ఆయన సోలారిస్, ఏఐఎక్స్ సర్వర్ల మీద (లైనక్స్‌ని పోలిన యూనిక్స్ రకాలవి) పండిపోయిన మనిషి. అంతా విని ఒకటే అడిగాడు. "బాగున్నప్పుడు అంకెలు ఎంతుండేవమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. ఐదేళ్లుగా ఆ మెషీన్ నా చేతిలో ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని నాడి ఎంత కొట్టుకునేదో నేనెప్పుడూ రాసిపెట్టుకోలేదు.

ఆయనే ఇంకో సంగతి చెప్పాడు. తను పనిచేసిన యూనిక్స్‌లలో లోడ్ యావరేజ్ అంటే ప్రాసెసర్ కోసం క్యూలో ఉన్న పనుల లెక్క మాత్రమే. లైనక్స్‌లో అలా కాదు. 1993లో చేసిన ఒక మార్పుతో, డిస్కు జవాబు కోసం కదలకుండా ఆగిపోయిన పనుల్ని కూడా అందులో కలుపుతున్నారు. "అందుకే నీకు లోడు 27, ప్రాసెసర్ ఖాళీ. దేన్ని వాడుతున్నారో తర్వాత చూడు, ముందు దేనికోసం ఆగిపోయారో చూడు" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది డబ్ల్యూఏ 53. డిస్కు నుంచి జవాబు రాక ప్రాసెసర్ చేతులు కట్టుకుని కూర్చున్న సమయం అది. ఎనిమిది రోజులుగా తెర మీద అదే కనబడుతోంది.

ఆ రోజే, సర్వర్ పనితీరు అంకెల్ని రాసిపెట్టే సిస్‌స్టాట్ ప్యాకేజీ చూశాను. సర్వర్‌లో ముందు నుంచే ఉంది. కానీ డెబియన్‌లో దాన్ని వేసినంత మాత్రాన లెక్కలు రాయడం మొదలుపెట్టదు. సెట్టింగుల ఫైల్లో ఎనేబుల్డ్ అన్న చోట ఫాల్స్ అని ఉంటుంది, దాన్ని మనమే ట్రూగా మార్చాలి. ఐదేళ్లుగా అది ఫాల్స్‌గానే ఉండిపోయింది. మార్చాను. మామూలుగా పది నిమిషాలకోసారి లెక్క రాస్తుంది. మా రద్దీ పదిహేను, ఇరవై నిమిషాల ముక్కలుగా వస్తుంది కాబట్టి పది నిమిషాల సగటులో అది కనబడకుండా పోతుందని నిమిషానికోసారి రాసేలా పెట్టాను. దానివల్ల సర్వర్ మీద పడే భారం లెక్కలోకి కూడా రాదు.

19, 20 తేదీల్లో గేటు రద్దీ వేళల్లో స్క్రీన్ ముందే ఉన్నాను. పనులు నడుస్తున్నాయో ఆగాయో చూపించే విఎమ్‌స్టాట్‌ని సెకనుకోసారి నడిపితే బి అనే గడిలో పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు అని వస్తున్నాయి. అవన్నీ డిస్కు కోసం ఆగిపోయిన పనులు. పనుల జాబితా ఇచ్చే పీఎస్‌లో చూస్తే పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌లన్నీ డి స్థితిలో, అంటే డిస్కు కోసం కదలకుండా ఆగి, ఉన్నాయి. డిస్కుల లెక్క చూపించే ఐఓస్టాట్ మొత్తం కథ చెప్పింది. సెకనుకి 210 రాతలు, ఒక్కో రాతకి సగటున 85 మిల్లీసెకన్ల నిరీక్షణ, క్యూలో ఎప్పుడూ 18 దాకా, డిస్కు నూటికి నూరు శాతం బిజీ. చదవడం దగ్గర ఇబ్బంది తక్కువ. సమస్యంతా రాయడంలోనే ఉంది.

సెకనుకి 210 రాతలంటే మా నాలుగు డిస్కులకి దాదాపు అదే హద్దు. 7,200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకి 120 సార్లు తిరుగుతుంది, ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. రెయిడ్ 10లో ప్రతి రాతా రెండు డిస్కుల మీద పడాలి. కాబట్టి డిస్కులు చేతనైనంత చేస్తున్నాయి. మరి పోయినేడు ఇవే డిస్కులు ఇదే సీజన్‌ని ఎలా లాగాయి? రాత్రంతా ఇదే ఆలోచన.

పోయినేటి అంకెలు లేవని బాధపడుతుంటే, అవి బాబాయ్ దగ్గర దొరికాయి. 21వ తేదీ సాయంత్రం గేటు దగ్గర టీ తాగుతూ బల్ల మీదున్న ఆయన రిజిస్టరు తిరగేశాను. పొడవాటి గీతల పుస్తకం, అంచులన్నీ మిరప రంగెక్కి ఉన్నాయి. ఒక్కో బండికీ నంబరు, ఊరు, టిక్కీలు, గేటులోకి వచ్చిన టైము, రసీదు చేతికిచ్చిన టైము. ఎవరూ అడగకపోయినా ఆ చివరి గడి ఆయనే గీసుకున్నాడట. "ఎవడన్నా ఆలస్యం చేశావని తగువుకొస్తే చూపియ్యటానికమ్మా" అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. డిసెంబరంతా రెండు టైములకీ మధ్య ఐదు, ఆరు నిమిషాలు. జనవరి 11 వరకూ అంతే. పండగ సెలవుల తర్వాత జనవరి 16 నుంచి ఎనిమిది, తొమ్మిది. అప్పటికి సరుకు ఇంకా పల్చగా ఉంది కాబట్టి ఎవరికీ పట్టలేదు. ఫిబ్రవరి మొదటివారంలో పదిహేను. ఆ తర్వాత అరగంటలు.

అంటే ఇది ఫిబ్రవరి 10న మొదలైంది కాదు. సంక్రాంతి సెలవుల్లో ఏదో జరిగింది. బాబాయ్ నీలం ఇంకుతో రాసిన ఆ వరసలు నాకు ఏ గ్రాఫూ చూపించనంత స్పష్టంగా చూపించాయి.

శనివారం, 22వ తేదీ, పొద్దున్నే ఆఫీసుకెళ్లి ఆ నాలుగు డిస్కుల్నీ నడిపే రెయిడ్ కంట్రోలర్ కార్డుకి సంబంధించిన ప్రోగ్రామ్ నడిపాను. ఐదేళ్లలో దాన్ని తెరవడం అదే మొదటిసారి. డీఫాల్ట్ క్యాష్ పాలసీ రైట్‌బ్యాక్. దాని కింద వరసలో కరెంట్ క్యాష్ పాలసీ రైట్‌త్రూ. బ్యాటరీ స్థితి: మార్చాలి. కంట్రోలర్ లాగ్‌లో ఆ మార్పు పడిన తేదీ జనవరి 14. సరిగ్గా సంక్రాంతి రోజు.

తెలియనివాళ్ల కోసం మా భాషలోనే చెబుతాను. కంట్రోలర్ కార్డు మీద సొంతంగా కొంచెం మెమరీ ఉంటుంది, మాదాంట్లో 1 జీబీ. రైట్‌బ్యాక్‌లో ఉన్నప్పుడు డేటాబేస్ రాయమన్నది ఆ మెమరీలో పడగానే కార్డు "రాసేశాను" అని చెప్పేస్తుంది, తర్వాత తీరిగ్గా, వరసగా సర్ది డిస్కు మీద పెడుతుంది. కాటా వేసి చీటీ రాసి రైతుని పంపించేసి, టిక్కీల్ని హమాలీలు తర్వాత వరసగా ఛాంబర్‌లో పేర్చినట్టు. మధ్యలో కరెంటు పోతే ఆ మెమరీలో ఉన్నది పోకుండా కాపాడేది కార్డుకున్న చిన్న బ్యాటరీ. అది చచ్చిపోతే కార్డు ఆ ధైర్యం చేయదు. రైట్‌త్రూలోకి వెళ్లిపోతుంది. అంటే ఒక్కో టిక్కీ పైఅంతస్తుకి చేరి పేర్చేదాకా తర్వాతి టిక్కీ కాటా ఎక్కదన్నమాట. కార్డు చేసింది తప్పు కాదు, సరిగ్గా చేయాల్సిందే చేసింది. బయటికి వినపడేలా చెప్పలేదు, అంతే. దాని హెచ్చరికలు మెయిల్‌లో రావడానికి ఏర్పాటు ఉంది. ఆ పని చేయాల్సింది నేనే, చేయలేదు.

కారణం తెలిసినందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందమో అలసటో చెప్పలేను.

కానీ బ్యాటరీ దొరకాలి కదా. గుంటూరులో లేదు. విజయవాడలో మూడు చోట్ల అడిగాను, లేదు. చెన్నైలో ఒకరి దగ్గర ఉంది. ₹7,400, కొరియర్ ₹350. సోమవారం పంపిస్తామన్నారు. ఈలోపు సీజన్ ఆగదు.

ఇక్కడొక దారి ఉంది. బ్యాటరీ లేకపోయినా సరే రైట్‌బ్యాక్‌లోనే నడువు అని కార్డుకి గట్టిగా చెప్పొచ్చు. ఒక్క కమాండ్. వెంటనే అంతా పరిగెడుతుంది. ఓనరు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"వారం రోజులు ఇట్టాగే ఉంటే రైతు పక్క స్టోరేజీకి పోతాడమ్మా. నడపొచ్చంటున్నావు కదా, నడిపెయ్" అన్నారు.

"నడపొచ్చండీ. కానీ మధ్యలో కరెంటు పోయి యూపీఎస్ అందుకోకపోతే, కార్డులో ఉన్నదంతా పోతుంది. మొన్న జనవరిలో యూపీఎస్ రెండుసార్లు పడిపోయింది."

"ఎన్ని రసీదులు పోతాయి?"

"చెప్పలేనండీ. పోయినవి ఏవో కూడా మనకి తెలియదు. డేటాబేసే పాడైపోవచ్చు. రైతు చేతిలో రసీదు ఉంటుంది, మన దగ్గర లెక్క ఉండదు."

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వద్దులే. రసీదు మీద మా నాన్న పేరుంది" అన్నారు. ఆ మాటకి ఆయన మీద నాకున్న గౌరవం రెట్టింపైంది.

ఆ వారం గడవడానికి ఇంకో దారి వెతికాను. మా సాఫ్ట్‌వేర్ రసీదుతోపాటు ఎస్ఎమ్ఎస్ చిట్టా, గేటు బోర్డు మీద కనిపించే వివరాలు కూడా అదే డేటాబేస్‌లో రాస్తుంది. వాటికి వేరే యూజర్ పేరుంది. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ కమిట్ అనే సెట్టింగు ఆ ఒక్క యూజర్‌కి ఆఫ్ చేశాను. దానివల్ల ఆ యూజర్ రాతలు డిస్కు కోసం ఆగవు. కరెంటు పోతే చివరి సెకను లోపు ఎస్ఎమ్ఎస్ వివరాలు కొన్ని పోవచ్చు, కానీ డేటాబేస్ మాత్రం చెడిపోదు. అసలు రసీదుల జోలికి వెళ్లలేదు. సోమవారం, 24న, నలభై సెకన్లు కాస్తా పద్దెనిమిదికి దిగింది. హాయిగా లేదు గాని, గేటు ముందు బండ్లు రోడ్డెక్కలేదు.

26న శివరాత్రి. పార్సిల్ 27న అందింది. మార్చి 1, శనివారం రాత్రి తొమ్మిదికి సర్వర్ ఆపాం. పాత బ్యాటరీ తీసి అరచేతిలో పెట్టుకున్నాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, నీలం ప్లాస్టిక్ చుట్టి ఉంది, సన్నటి తీగ, చివర తెల్లటి కనెక్టర్. పొట్ట ఉబ్బిపోయి ఒక అంచు దగ్గర ప్లాస్టిక్ చిరిగింది. ఇలాంటి బ్యాటరీలకి వేడి పడదు. మా సర్వర్ గదిలో ఏసీ రాత్రి ఎనిమిదికి ఆపేస్తారు, కరెంటు బిల్లు తగ్గుతుందని. గుంటూరు ఎండలు తెలిసిందే. నాలుగు వేసవులు ఆ మూసిన గదిలో, దుమ్ము పట్టిన జాలీ వెనకాల అది ఉడికింది. ఓనరు గారికి ఫోటో పంపాను. ఆ రాత్రి నుంచి ఏసీ ఆపడం లేదు.

కొత్తది పెట్టి ఆన్ చేస్తే ఇంకా రైట్‌త్రూ అనే చూపిస్తోంది! గుండె జారిపోయింది. తప్పు బ్యాటరీ పంపారేమోనని చెన్నైకి ఫోన్ చేయబోయి, టైము చూసుకుని ఆగాను. లాగ్ చదివితే అర్థమైంది. కొత్త బ్యాటరీ సగం ఛార్జింగ్‌తో వస్తుంది, చాలినంత ఎక్కేదాకా కార్డు దాన్ని నమ్మదు. ఈ ముక్క ముందే తెలిసుంటే ఆ రాత్రి అంత టెన్షన్ పడేదాన్ని కాదు. ఇంటికి వెళ్లలేదు. కుర్రాడు తెచ్చిన ఇడ్లీ తిని కుర్చీలోనే ఉన్నాను. పావుగంటకోసారి చూస్తూ ఉంటే తెల్లవారుజామున 3.50కి వరస మారింది. కరెంట్ క్యాష్ పాలసీ: రైట్‌బ్యాక్.

మార్చి 3, సోమవారం. సరుకు ఫిబ్రవరి 17 కంటే ఎక్కువే వచ్చింది. రసీదు మూడు సెకన్లు. ఐఓస్టాట్‌లో సెకనుకి 480 రాతలు, ఒక్కో రాతకి 0.7 మిల్లీసెకన్లు. 85 నుంచి 0.7కి! ఎస్ఎమ్ఎస్ యూజర్‌కి ఆఫ్ చేసిన సెట్టింగు కూడా తిరిగి మామూలుగా పెట్టేశాను. బాబాయ్ ఫోన్ చేసి "పిల్లా, మిషను గుర్రమైపోయింది" అన్నాడు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. సిస్‌స్టాట్ నిమిషానికోసారి రాస్తున్న లెక్కల్లో (వాటిని సార్ లెక్కలంటారు), రోజూ పదకొండున్నరకి పది నిమిషాలపాటు డిస్కు చదవడం కొండలా లేస్తోంది. ఇదివరకు రాతల గోలలో ఇది కనబడలేదు. ఆ టైముకి మేనేజర్లు నిల్వల జాబితా తీస్తారు. ఆ టేబుల్ సైజు చూస్తే 41 జీబీ. అందులో ఉండాల్సిన సరుకుని బట్టి ఆరేడు జీబీ మించకూడదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరస మారిస్తే పాత వరస వెంటనే పోదు, చచ్చిన వరసగా అక్కడే ఉంటుంది. వాటిని ఊడ్చే పని ఆటోవాక్యూమ్‌ది. సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు ఎవరో అది సర్వర్‌ని నెమ్మది చేస్తుందని ఆఫ్ చేసి వెళ్లారు. ఏడాదికేడాది చెత్త పేరుకుంది. సర్వర్ ట్యూనింగ్ పేరుతో ఆటోవాక్యూమ్ ఆపడం నా దృష్టిలో ఇల్లు ఊడిస్తే టైము వృథా అనడంలాంటిదే.

మార్చి 8, శనివారం రాత్రి, చెత్త తీసేసి టేబుల్‌ని కొత్తగా రాసే వాక్యూమ్ ఫుల్ చేశాను. అది జరుగుతున్నంతసేపూ ఆ టేబుల్‌ని ఇంకెవరూ ముట్టుకోలేరు, పైగా కొత్త కాపీ రాయడానికి డిస్కులో ఖాళీ ఉండాలి. ముందుగా బ్యాకప్ తీసి, అది ఇంకో మెషీన్‌లో తెరుచుకుంటుందో లేదో చూసుకునే మొదలుపెట్టాను. గంటా యాభై నిమిషాలు పట్టింది. 41 జీబీ కాస్తా 6.3కి వచ్చింది. ఆటోవాక్యూమ్ ఆన్ చేశాను.

ఇక్కడో నియమం పెట్టుకున్నాను: వారానికి ఒకటే మార్పు. రెండు కలిపి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు, చెడిపోతే అసలే తెలియదు. కాబట్టి షేర్డ్ బఫర్స్ సెట్టింగుకి మార్చి 15 దాకా ఆగాను. పోస్ట్‌గ్రెస్ తన సొంతానికి ఎంత ర్యామ్ వాడుకోవాలో చెప్పే సెట్టింగది. వేసినప్పుడు వచ్చే 128 ఎంబీ దగ్గరే ఇన్నాళ్లూ ఉంది. మొత్తం ర్యామ్‌లో పావు వంతుతో మొదలుపెట్టమని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంటుంది. 16 జీబీ ఇచ్చాను. నిల్వల జాబితా ఇంకొంచెం త్వరగా వస్తోంది. ఆ ₹19,600 ర్యామ్ పూర్తిగా దండగ కాలేదు గాని, అప్పుడు కొనాల్సిన అవసరం మాత్రం లేదు. ఈ మాట ఓనరు గారికీ చెప్పాను.

చివరిది సాఫ్ట్‌వేర్ రాసే అబ్బాయితో. 16వ తేదీ ఆదివారం, ఎవరూ పనిలో లేని సమయంలో పోస్ట్‌గ్రెస్ కమిట్ల (రాసింది ఖాయం చేయడాన్ని కమిట్ అంటారు) లెక్క రాసుకుని, పది లాట్లతో ఒక రసీదు వేసి, మళ్లీ లెక్క చూశాను. ఒక్క రసీదుకి 70 కమిట్లు! లాట్‌కి, అద్దె లెక్కకి, ఛాంబర్ నంబరుకి, ఒక్కోదానికీ విడివిడిగా. ప్రతి కమిట్ డిస్కు దాకా వెళ్లి రావాల్సిందే. బ్యాటరీ చచ్చినప్పుడు మనల్ని అంతలా దెబ్బ తీసింది ఇదే. "ఇవన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టొచ్చా తమ్ముడూ?" అంటే, "పెట్టాలక్కా, అదే కరెక్టు. మధ్యలో ఆగితే సగం రసీదు మిగలదు కూడా" అన్నాడు. నాలుగు రోజుల్లో అన్నీ కలిపి ఒకే కమిట్ అయ్యేలా మార్చి, రెండు రోజులు ఒక కౌంటర్లో చూసి, మార్చి 22న అన్ని కౌంటర్లకీ ఇచ్చాడు. ఇప్పుడు రసీదు సెకను లోపే.

చేతి నుంచి పోయింది లెక్కేస్తే ర్యామ్ ₹19,600, బ్యాటరీ కొరియర్‌తో కలిపి ₹7,750. చేతి రసీదులు ఎక్కించడానికి ఉండిపోయిన వాళ్లకి ఓనరు గారు ఇచ్చిన ఓవర్‌టైమ్ వేరు. అసలు జబ్బుకి మందు ఏడువేల ఏడొందల యాభై రూపాయలదే.

ఇప్పుడు రోజూ పొద్దున 5.40కి సర్వర్ నా ఫోన్‌కి ఒక మెయిల్ పంపుతుంది. క్యాష్ పాలసీ, బ్యాటరీ స్థితి, గది వేడి, నిన్నటి రద్దీ గంటలో ఒక్కో రాతకి పట్టిన సమయం. వారం రోజులకే చెరిగిపోయే సార్ లెక్కల్ని ఏడాదిపాటు దాచేలా మార్చాను, వచ్చే ఫిబ్రవరిలో ఈ ఫిబ్రవరిని పక్కన పెట్టుకుని చూడాలి. యూపీఎస్ బ్యాటరీలు మే నెలలో, యార్డు వేసవి సెలవుల్లో మార్చడానికి ఒప్పించాను. బాబాయ్‌కి కొత్త రిజిస్టరు నేనే కొనిచ్చాను. టైముల గడులు రెండూ వెడల్పుగా గీయించి మరీ.